చిన్నపిల్లల సెంటర్లలో రక్షణ: నెల్లూరు, ప్రకాశం జిల్లాల తల్లిదండ్రులు, టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరేళ్లలోపు పిల్లలు రోజులో కొన్ని గంటలు గడిపే చోటు అంగన్‌వాడీ కావచ్చు, ప్లే స్కూల్ కావచ్చు, ఫ్యాక్టరీ పక్కన నడిచే క్రెష్ కావచ్చు, ఎవరో ఒకామె ఇంట్లో నడిపే బేబీ కేర్ కావచ్చు. వాటి రోజువారీ నియమాలు వేరువేరుగా ఉంటాయి. పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం, పిల్లల సంరక్షణకు సంబంధించిన బాల న్యాయ చట్టం మాత్రం అన్నింటికీ ఒకటే.

మా సెంటర్లో అందరూ ఊరివాళ్లే, తెలిసినవాళ్లే. ఇన్ని నియమాలు అవసరమా?

తెలిసినవాళ్లే కాబట్టే అవసరం. పసిపిల్లలకు హాని చేసేవాళ్లలో ఎక్కువమంది ఆ బిడ్డకు ముందే తెలిసినవాళ్లు: బంధువు, పక్కింటాయన, రోజూ వచ్చిపోయే మనిషి. నియమం అందరికీ ఒకటే అయితే ఎవరినీ వేలెత్తి చూపాల్సిన పని ఉండదు. "ఆయనకు మాత్రం పర్లేదులే" అని ఒక్కరికి మినహాయింపు ఇచ్చిన చోటే సెంటర్లు దెబ్బతింటాయి.

రోజంతా ప్రమాదం ఒకేలా ఉండదు. బిడ్డను దించే వేళ, తీసుకెళ్లే వేళ, బాత్రూమ్‌కు వెళ్లేటప్పుడు, మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నాక: పెద్దల చూపు తప్పేది ఈ సమయాల్లోనే. ముందు వీటిని సరిచేసుకుంటే సగం పని అయినట్టే.

బిడ్డను తీసుకెళ్లడానికి వేరే మనిషి వచ్చాడు. "వాళ్ల బాబాయిని" అంటున్నాడు. పంపొచ్చా?

చేరేరోజే రాయించుకున్న జాబితాలో పేరు లేకపోతే పంపకూడదు. బిడ్డ "బాబాయ్" అంటూ ఎదురు పరుగెత్తినా సరే. మూడేళ్ల బిడ్డ చాక్లెట్ ఇచ్చిన మనిషితోనూ వెళ్తుంది.

జాబితాలో తల్లిదండ్రులు కాక ఇద్దరో ముగ్గురో ఉంటే చాలు. ప్రతి ఒక్కరి ఫొటో, ఫోన్ నంబరు, బిడ్డకు వరస ఏమవుతారో ఉండాలి. జాబితాలో లేని మనిషి వస్తే టీచరే తల్లికో తండ్రికో ఫోన్ చేయాలి, అదీ రిజిస్టర్లో ఉన్న నంబరుకు. వచ్చినాయన తన ఫోన్లో కలిపి "ఇదిగో మాట్లాడండి" అని ఇస్తే అది లెక్కలోకి రాదు. అవతల మాట్లాడేది ఎవరో మీకు తెలియదు కదా.

చిక్కు ఎక్కువగా మూడు చోట్ల వస్తుంది. ఒకటి, భార్యాభర్తలు విడిగా ఉండటం. కోర్టు ఉత్తర్వు ఉంటే దాని నకలు ఫైల్లో పెట్టుకుని అందులో ఉన్నట్టే నడవాలి. ఉత్తర్వు లేకుండా ఒకరి మాట విని రెండోవారిని అడ్డుకునే అధికారం సెంటర్‌కు లేదు. గొడవ పెరిగేలా ఉంటే గేటు మూసి 112కు ఫోన్ చేయడమే దారి. రెండు, తాగి వచ్చిన తండ్రి. బండి మీద బిడ్డను ఎక్కించనివ్వకుండా జాబితాలోని రెండో మనిషిని పిలిపించాలి. మూడు, పదేళ్ల అక్కో అన్నో వచ్చి చెల్లిని ఎత్తుకెళ్లడం. పల్లెల్లో ఇది మామూలే అయినా దారిలో కాలువో హైవేనో ఉంటే ఒప్పుకోకూడదు. పెద్దవాళ్లే రావాలి.

ఆటోలో పంపుతున్నాం. ఏం చూసుకోవాలి?

డ్రైవర్ లైసెన్సు, బండి నంబరు, ఫొటో, ఇంటి అడ్రసు సెంటర్ దగ్గర ఉండాలి. డ్రైవర్ పక్కన పిల్లల్ని కూర్చోబెట్టకూడదు, కుడివైపు కడ్డీ ఉండాలి. మొదట ఎక్కే బిడ్డ, చివర దిగే బిడ్డ ఆటోలో ఒంటరిగా ఎంతసేపు ఉంటున్నారో అడగండి. చాలామంది తల్లిదండ్రులు ఈ సంగతి అడగరు. దారిని తిప్పి ఇద్దరు ఒకేచోట దిగేలా చేయొచ్చు, లేదా ఆయమ్మ చివరి ఇంటిదాకా వెళ్లొచ్చు. ఇక ఆటోగానీ వ్యానుగానీ ఆగాక లోపల ఎవరైనా నిద్రపోయి మిగిలారేమో చివరి సీటుదాకా చూడాలి. ఒంగోలు ఎండల్లో మూసిన వ్యానులో పసిబిడ్డ కొద్ది నిమిషాలకే ప్రాణాపాయంలో పడుతుంది.

కొత్త ఆయమ్మను, వాచ్‌మన్‌ను, డ్రైవర్‌ను పెట్టుకునేటప్పుడు పోలీస్ వెరిఫికేషన్ తప్పనిసరా?

తప్పనిసరే. 2020 నాటి పోక్సో నియమాల ప్రకారం పిల్లలతో నిత్యం పని ఉండే ప్రతి సంస్థా, క్రెష్‌లతో సహా, సిబ్బంది అందరికీ పోలీస్ వెరిఫికేషన్ చేయించాలి. బోధించేవాళ్లు, బోధించనివాళ్లు, కాంట్రాక్టు మనుషులు అన్న తేడా లేదు. ఒక్కసారి చేయించి వదిలేయకుండా కొంతకాలానికొకసారి మళ్లీ చేయించాలి.

అయితే ఆ కాగితం ఇదివరకు తన మీద కేసు నమోదైన మనిషినే పట్టిస్తుంది. అందుకే పాత చోట పనిచేయించినవాళ్లకు ఫోన్ చేసి "మళ్లీ అవసరమైతే పెట్టుకుంటారా?" అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబుకు ముందు వచ్చే తడబాటు చాలా చెబుతుంది. మొదటి నెల కొత్త మనిషిని పిల్లలతో ఒంటరిగా ఉంచొద్దు.

ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దలు?

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలుండే ప్రైవేటు ప్లే స్కూళ్లకు జాతీయ బాలల హక్కుల కమిషన్ చెప్పిన లెక్క 20 మందికి ఒక టీచరు, ఆమెకు తోడు ఒక ఆయా. మూడేళ్లలోపు పిల్లలకు ఆ లెక్క చాలదు. క్రెష్‌లలో పది మందికి ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు ఉండాలి. కాగితం మీది లెక్క కన్నా పన్నెండున్నరకు ఎవరు ఎక్కడున్నారో చూడండి. ఆయమ్మ వంటింట్లో, టీచర్ ఫోన్ యాప్‌లో వివరాలు ఎక్కిస్తూ ఉంటే గదిలో ఎవరూ లేనట్టే.

బాత్రూమ్ విషయంలో పద్ధతి ఏమిటి?

తలుపు బయటి గడియ తీసేయండి. లోపలి గడియ పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. కడిగేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు తలుపు వారగా తీసి ఉంచాలి, ఇంకో పెద్దమనిషికి మాట వినిపించేంత దూరంలో పని జరగాలి. ఆ పని చేసేది ఆయమ్మో టీచరమ్మో ముందే ఖాయం చేయండి. డ్రైవర్, వాచ్‌మన్, వంటమనిషి భర్త, "సాయం చేస్తాలే" అనే ఇంకెవరూ చేయకూడదు. చేసే పనిని బిడ్డకు మాటల్లో చెబుతూ ఉండాలి: "ఇప్పుడు నీళ్లు పోస్తున్నా, నువ్వే తుడుచుకుంటావా?" అని. నాలుగేళ్లకు చాలామంది పిల్లలు తామే కడుక్కోగలరు. కొంచెం ఆలస్యమైనా అలవాటు చేయడమే మంచిది.

శరీర భాగాల పేర్లు కూడా ఇక్కడే సహజంగా వస్తాయి. ముద్దు పేర్లతోపాటు అందరికీ అర్థమయ్యే పేరు ఒకటి నేర్పండి. ఇంట్లో మాత్రమే చెల్లే పేరు ఉంటే బిడ్డ రేపు ఏదైనా చెప్పినా బయటివాళ్లకు అర్థం కాదు.

సీసీ కెమెరాలు పెట్టించాం. సరిపోదా?

కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది. జరుగుతుండగా ఎవరూ చూడరు. గేటు, వరండా, తరగతి గది, వంటగది గుమ్మం దగ్గర పెట్టొచ్చు. బాత్రూమ్‌లో, బట్టలు మార్చే చోట పెట్టడం నేరం కిందికే వస్తుంది. ఫుటేజీ ఎన్నాళ్లు ఉంటుందో కనుక్కోండి, చిన్న రికార్డర్లలో కొద్ది రోజులకే పాతది చెరిగిపోతుంది. అనుమానం వచ్చినరోజే నకలు తీసి భద్రపరచాలి. పాస్‌వర్డ్ ఒకరిద్దరికి మించి తెలియకూడదు. తల్లిదండ్రులందరి ఫోన్లలో లైవ్ పెట్టడం గొప్పగా కనిపిస్తుంది కానీ, ముప్పై ఇళ్లవాళ్లు ఇతరుల పిల్లల్ని చూస్తున్నట్టే.

మా సెంటర్ పక్కన రొయ్యల గుంటలున్నాయి. కంచె వేస్తే చాలా?

ఈ రెండు జిల్లాల్లో నీళ్లే పెద్ద గండం. ఇందుకూరుపేట, ముత్తుకూరు, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటలు, బకింగ్‌హామ్ కాలువ. చీమకుర్తి వైపు వదిలేసిన క్వారీ గుంతల్లో వాన నీళ్లు. మెట్ట ఊళ్లలో నేలమట్టపు బావులు. కంచె వేయాల్సిందే, దాని కడ్డీల మధ్య సందు నాలుగు అంగుళాలు మించకూడదు. అడ్డ కడ్డీలు నిచ్చెన మెట్లలా పనికొస్తాయి కాబట్టి నిలువు కడ్డీలే మేలు. గేటు దానంతట అదే మూసుకోవాలి, గడియ బయటివైపు పైన ఉండాలి.

అయితే సెంటర్ లోపలి నీళ్లను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఏడాదిన్నర బిడ్డకు తల బరువెక్కువ. సగం నిండిన బకెట్లోకి తొంగిచూసి తలకిందులుగా పడితే తిరిగి లేవలేదు, అరుపు కూడా వినిపించదు. కాబట్టి పని కాగానే బకెట్ బోర్లించాలి, తొట్టికి మూత ఉండాలి, సంపు మూతకు తాళం వేయాలి. ట్యాంకర్ వచ్చి నీళ్లు పోసి వెళ్లాక సంపు మూత సరిగా పడిందో లేదో ఒకరు చూసి రావాలి. తాళం తెరిచి ఉండేది ఎక్కువగా అప్పుడే.

బిడ్డ కనిపించకపోతే ముందు నీళ్లున్న చోటు చూడండి. బీరువా వెనక, మంచం కింద వెతకడం ఆ తర్వాత.

వంటగది, తిండి విషయంలో ఏం తప్పులు జరుగుతాయి?

వేడి సాంబారు గిన్నెను పిల్లలు కూర్చున్న వరసల మధ్యకు తేవడం మొదటి తప్పు. అన్నం, సాంబారు గుమ్మం అవతలే కాస్త చల్లార్చి పళ్లేల్లో పెట్టి తేవాలి. వంటగదికి మోకాలు దాటే ఎత్తున చిన్న గేటు పెడితే చాలా కాలిన గాయాలు తప్పుతాయి. కాలితే 20 నిమిషాలు మామూలు చల్లదనమున్న పారే నీళ్లు పోయాలి. ఐస్, టూత్‌పేస్ట్, సిరా, పసుపు వద్దు.

గొంతులో అడ్డుపడేవి: వేరుశనక్కాయలు, పుట్నాలు, రేగ్గాయ గింజలు, గుండ్రని ద్రాక్ష. నాలుగైదేళ్లలోపు పిల్లలకు శనక్కాయలు పొడి చేసే పెట్టాలి, ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. చిక్కీ ఇస్తే విరిచి, కూర్చోబెట్టి తినిపించాలి. దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి, నోట్లో వేలు పెట్టి వెతకొద్దు. దగ్గు, ఏడుపు రెండూ ఆగిపోతే ముందుకు వంచి వీపు మీద రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు. రాకపోతే ఏడాది దాటిన బిడ్డకు బొడ్డు పైన లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కాలి. ఏడాదిలోపు బిడ్డకు పొట్ట నొక్కకూడదు, రొమ్ము ఎముక మీద రెండు వేళ్లతో ఐదుసార్లు నొక్కాలి. ఇంకొకరు 108కు ఫోన్ చేస్తూ ఉండాలి.

మందులు సెంటర్లో వేయమని తల్లి ఇచ్చి వెళ్తే?

చీటీ మీద పేరు, మోతాదు, వేళ రాసి సంతకం పెడితేనే. వేసిన టైము రాసిపెట్టాలి, లేకపోతే ఇంటికెళ్లాక రెండోసారి పడుతుంది.

చిన్న దెబ్బ వేస్తే తప్పా? అల్లరి మాన్పించాలిగా?

తప్పే, నేరం కూడా. బాల న్యాయ చట్టం, 2015లోని 75వ సెక్షన్ ప్రకారం పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవాళ్లు బిడ్డను కొట్టినా, హింసించినా, బాధ కలిగేలా నిర్లక్ష్యం చేసినా 5 ఏళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. గోడకుర్చీ, చీకటి గదిలో పెట్టడం, పాస్ పోసుకుందని అందరి ముందు నిలబెట్టడం, అన్నం ఆపడం కూడా హింసే. "రెండు తగిలించండి టీచర్, మేమేమీ అనుకోం" అని తండ్రి చెప్పినంత మాత్రాన చట్టం మారదు.

ఒంటిమీద మచ్చలు, దెబ్బలు కనిపిస్తే ఏది మామూలు, ఏది కాదు?

పరుగెత్తే బిడ్డకు మోకాళ్లు, మోచేతులు, నుదురు తగులుతూనే ఉంటాయి. చెవులు, మెడ, పొట్ట, పిరుదులు, తొడల లోపలివైపు మాత్రం కింద పడటంవల్ల సాధారణంగా కందవు. ఇంకా పాకని పసికందు ఒంటిమీద కమిలిన మచ్చ కనిపిస్తే అది చిన్నదైనా సరే డాక్టరు చూడాలి. వైరు మడిచి కొట్టిన అచ్చు, రెండు పాదాలకూ ఒకే గీత దగ్గర ఆగిన కాలిన గాయం కూడా అంతే.

పొరబడేవీ ఉన్నాయి. మన పిల్లల్లో చాలామందికి నడుము కింద పుట్టుకతో నీలి మచ్చలు ఉంటాయి, అవి దెబ్బలు కావు. కొన్ని చర్మపు పుండ్లు ఆరాక సిగరెట్ కాల్చినట్టు కనిపిస్తాయి. అందుకే చేరేరోజే ఉన్న మచ్చలు తల్లి ఎదుటే రాసుకోవడం మంచిది. ఇక కామెర్లకో బాలారిష్టానికో పొట్ట మీద వాతలు పెట్టించి తెచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. నమ్మకంతో చేశారని ఊరుకోకుండా బిడ్డను ఆసుపత్రికి పంపాలి, అంగన్‌వాడీ అయితే సూపర్‌వైజరమ్మకు చెప్పాలి.

మార్పులు ప్రవర్తనలోనూ కనిపిస్తాయి: ఒక మనిషిని చూడగానే బిగుసుకుపోవడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, బాత్రూమ్ అంటే ఏడుపు, వయసుకు మించిన లైంగిక చేష్టలు బొమ్మలతో చేయడం. ఒక్కటి కనిపించగానే తీర్పు చెప్పొద్దు, తేదీ వేసి రాసుకోండి. అయితే పాస్ పోసే చోట నొప్పి, రక్తం, లోదుస్తుల మీద మరకలు ఉంటే రాసుకుంటూ కూర్చోకుండా అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి.

బిడ్డే నోరు విప్పి చెబితే ఏం చేయాలి?

పసిపిల్లలు కూర్చుని చెప్పరు. చెప్పులు వేసుకుంటూ, అన్నం తింటూ మధ్యలో ఒక మాట అంటారు: "మావయ్య ఇక్కడ చెయ్యి పెట్టాడు, నొప్పి." మీ ముఖం మారితే బిడ్డ ఆపేస్తుంది. నెమ్మదిగా "అలాగా, ఇంకా?" అనండి. ఆ ఒక్క మాట చాలు. "ఎవరు, డ్రైవర్ మావయ్యేనా? బట్టలు తీశాడా?" అని మీరే పేరు అందిస్తే తర్వాత కోర్టులో ఆ మాట మీరు నేర్పిందే అంటారు. చెప్పినందుకు మెచ్చుకోండి, తప్పు నీది కాదని చెప్పండి. "ఎవరికీ చెప్పనులే" అని మాత్రం ఒట్టు వేయకండి, చెప్పక తప్పదు.

వెంటనే పక్కకు వెళ్లి బిడ్డ అన్న మాటను బిడ్డ భాషలోనే రాయండి. దాన్ని మర్యాద భాషలోకి మార్చొద్దు. మీరు అడిగిన మాట, టైము, దగ్గర ఉన్నవాళ్ల పేర్లు కూడా రాయండి. ఇంకో టీచర్‌ను పిలిచి మళ్లీ చెప్పించొద్దు, వీడియో తీయొద్దు.

అనుమానమే ఉంది, ఆధారం లేదు. రిపోర్ట్ చేయాలా?

చేయాలి. పోక్సో చట్టం, 2012లోని 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగొచ్చన్న భయం ఉన్నా పోలీసులకు తెలియజేయడం ప్రతి ఒక్కరి బాధ్యత. నిరూపించే పని వాళ్లది. చెప్పకపోతే 6 నెలల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని సంస్థ పెద్ద దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా. మంచి ఉద్దేశంతో ఇచ్చిన సమాచారం తర్వాత నిలబడకపోయినా చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు.

దగ్గరి పోలీస్ స్టేషన్, లేదా 112, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098. పరిధి మాది కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. కావలిలో జరిగినదానికి ఒంగోలు స్టేషన్ కూడా రాసుకోవాల్సిందే. రాయకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పోస్టులో పంపండి. ఫిర్యాదు నమోదు చేయకపోవడమూ పోక్సో కింద శిక్షార్హమే. పోలీసులు 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. బిడ్డకు తోడుండే సహాయక వ్యక్తిని ఆ సమితి ఏర్పాటు చేయొచ్చు, కుటుంబం అడగొచ్చు కూడా.

"ముందు మేం విచారిస్తాం, సెంటర్ పేరు పోతుంది" అని యాజమాన్యం అంటోంది. పెద్దమనుషులు రాజీకి రమ్మంటున్నారు.

సంస్థ సొంత విచారణ రిపోర్ట్‌కు బదులు కాదు. పైగా అనుమానితుణ్ని పిలిచి అడిగితే ఫోన్లో ఫొటోలు చెరిపేస్తాడు, బిడ్డను బెదిరిస్తాడు, ఊరు వదిలి పోతాడు. చేయాల్సింది ఒక్కటే: ఆ మనిషిని పిల్లల దగ్గరకు రానివ్వకుండా ఆపి, పోలీసులకు చెప్పడం. పంచాయితీలో డబ్బు ఇప్పించి ముగించేందుకు ఈ కేసుల్లో వీలే లేదు. ఆ కూటమిలో కూర్చుని దాచినవాళ్లు కూడా ఇరుక్కుంటారు.

బిడ్డను స్టేషన్‌కు తిప్పుతారా? ఆసుపత్రిలో ముందు ఎఫ్‌ఐఆర్ అడుగుతారా?

వాంగ్మూలం ఇంట్లోనో, బిడ్డకు నచ్చిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా, తల్లిదండ్రులో నమ్మకమైన మనిషో పక్కనుండగా. రాత్రి స్టేషన్లో ఉంచకూడదు. ఆసుపత్రి ఎఫ్‌ఐఆర్ లేకపోయినా పరీక్ష, చికిత్స చేయాలి. ఆడబిడ్డను మహిళా డాక్టరే చూడాలి.

ఆసుపత్రికి వెళ్లేముందు స్నానం చేయించొద్దు. ఏ అమ్మైనా మొదట చేసేది అదే, పాపం. విప్పిన బట్టలను ఉతక్కుండా కాగితపు కవర్లో పెట్టండి, ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి పాడవుతాయి.

పిల్లల ఫొటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా?

తల్లిదండ్రులు రాసి ఒప్పుకుంటే సెంటర్ ఫోన్‌తో తీసి పెట్టొచ్చు, టీచర్ సొంత ఫోన్లో దాచుకోకూడదు. స్నానం, నీళ్లాట, బట్టలు సరిగా లేని ఫొటోలు వద్దే వద్దు. ఏదైనా కేసు జరిగితే బిడ్డ పేరు, వీధి, సెంటర్ పేరు, ఫొటో ఏవీ గ్రూపుల్లో పెట్టకూడదు. గుర్తుపట్టేలా బయటపెట్టడం నేరం.

వలస కూలీల పిల్లలు మన భాష మాట్లాడరు. వాళ్ల విషయంలో?

చీమకుర్తి గ్రానైట్ యూనిట్లు, ఇటుక బట్టీల దగ్గర ఒడియా, హిందీ మాట్లాడే పిల్లలు కనిపిస్తారు. నొప్పి, వద్దు, అమ్మ, పాస్, దాహం: ఈ ఐదు మాటలు వాళ్ల భాషలో టీచర్‌కు వచ్చి ఉండాలి. తల్లిదండ్రుల నంబర్లు తరచు మారతాయి, నెలనెలా సరిచూడండి. చెప్పకుండా రావడం మానేసిన బిడ్డ ఇంటికి రెండో రోజే మనిషిని పంపండి. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సదుపాయం కల్పించాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు.

తుపాను హెచ్చరిక వచ్చిన రోజు?

మనకు గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కలెక్టర్ సెలవు ప్రకటించేలోపే పిల్లలు వచ్చేసి ఉంటే తొందరపడి ఎవరికి పడితే వాళ్లకు అప్పగించొద్దు, జాబితా నియమం ఆరోజూ అంతే. నీళ్లు చేరే సెంటర్ అయితే ఏ భవనంలోకి మారాలో ముందే అనుకుని తల్లిదండ్రులకు చెప్పి ఉంచండి. వాన వెలిశాక పిల్లలు వచ్చేముందు చాపలు, బొమ్మల పెట్టెలు, పొయ్యి వెనక కర్రతో కదిలించి చూడాలి. పాములు ఎండు చోటు వెతుక్కుని లోపలికి వస్తాయి. కరిస్తే కట్టు బిగించకుండా, గాటు పెట్టకుండా, బిడ్డను కదలనివ్వకుండా ఎత్తుకుని 108లో ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి.

ఏ రికార్డులు ఉంచాలి?

హాజరు, వచ్చిన వేళ, తీసుకెళ్లినవారి సంతకం ఒక రిజిస్టర్. దెబ్బలు, ప్రమాదాలకు ఇంకొకటి, అదేరోజు తల్లి సంతకంతో. పిల్లల రక్షణకు సంబంధించిన అనుమానాలు మూడో పుస్తకంలో. అది బీరువాలో తాళం వేసి ఉండాలి, బాధ్యుల్లో ఒకరిద్దరే చూడాలి. మూడింటికీ పేజీ నంబర్లు వేసి, పెన్నుతో రాసి, తప్పు పోతే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం చేయండి. వైట్‌నర్ పూసిన పేజీని కోర్టులో ఎవరూ నమ్మరు.